గోడమీది దుప్పి

పోయిన వారం సంచికలో మీరు నా చేతిలో ఒక ఫొటో పెట్టి, క్లెమ్ బార్‌లో నన్ను అలాగే నిలబెట్టి వెళ్ళిపోయారు. మీకేం, పత్రిక మూసేస్తే సరిపోయింది. నాకు మాత్రం వారం రోజులుగా ముద్ద దిగలేదు.

కొత్తగా చేరినవాళ్ళ కోసం నాలుగు ముక్కలు చెబుతాను. నా పేరు మార్లీస్. విస్కాన్సిన్ ఉత్తరాన టామరాక్ కౌంటీలో జడ్జి ఎల్డన్ రాడ్కే గారి దగ్గర, ఆయన ఇంకా జడ్జి కాకముందు నుంచీ, ఇరవై మూడేళ్ళుగా గుమాస్తాను. ఆయనిప్పుడు రాష్ట్ర సుప్రీంకోర్టుకు నిలబడ్డారు. రాష్ట్రంలో న్యాయం చెప్పేవాళ్ళకు అంతకు మించిన కుర్చీ లేదు, దానికి కూడా మా దగ్గర జనమే ఓట్లేసి పంపాలి. బ్యాలెట్ మీద పార్టీ పేరుండదు గానీ ఎవరు ఏ పక్షమో పసిపిల్లను అడిగినా చెబుతుంది. రాడ్కే గారిది పాత పద్ధతుల పక్షం. తుపాకీ, చర్చి, కుటుంబం, ‘రాసి ఉన్నదే చట్టం’. నేనూ బుద్ధెరిగినప్పటి నుంచీ ఆ పక్షమే. ఈ చలికాలమంతా గడ్డకట్టిన నేలలో గుంటలు తవ్వి ఆయన పేరున్న బోర్డులు పాతింది ఈ చేతులే.

ఇక నా తమ్ముడు లైల్. ఇరవై నాలుగేళ్ళ కిందట, దుప్పి వేట మొదలయ్యే శనివారం పొద్దున ఎనిమిదింటికి ఊళ్ళో దాణా మిల్లు తగలబడింది. లోపల కాపలా ముసలాయన కాలిపోయాడు. అంతకు నెల ముందే లైల్‌ను మిల్లు పనిలోంచి తీసేశారు, వాడు తాగొచ్చి దీన్ని తగలబెడతానని నలుగురిలో అరిచాడు. ఆ నోరే వాడి కొంప ముంచింది. “ఆ టైముకి నేను నలభై మైళ్ళ అవతల అడవిలో ఉన్నాను, దుప్పిని కొట్టాను, అక్కడి క్లెమ్ బార్‌లో ఫొటో కూడా తీశారు” అని కోర్టులో మొత్తుకున్నాడు. వెతికితే ఫొటో లేదు. ఆ రోజు రెండొందల మంది నారింజ వేట కోట్లు వేసుకుని వచ్చారు, ఎవరని గుర్తుపెట్టుకోను అన్నాడు బార్ ఓనరు క్లెమ్. వాడితో వేటకు వెళ్ళిన నా మొగుడు డ్వెయిన్ సాక్షి బోనులో నిలబడి, మధ్యాహ్నం దాకా లైల్ తనకు కనపడలేదని ప్రమాణం చేసి చెప్పాడు. లైల్‌కు యావజ్జీవం పడింది. ఆ కేసు వాదించిన కుర్ర ప్రాసిక్యూటరు ఎల్డన్ రాడ్కే.

మొన్న క్లెమ్ పోయాక, బార్ అమ్మేస్తూ వాళ్ళమ్మాయి బెవ్ గోడమీది పెద్ద చేపబొమ్మను దించితే వెనక నుంచి పొలరాయిడ్ ఫొటో ఒకటి రాలిపడింది. నారింజ కోటులో మోకాళ్ళ మీద కూర్చున్న లైల్, చేతుల్లో దుప్పి తల. కింద తెల్ల అంచు మీద క్లెమ్ చేతిరాతలో ఆ శనివారం తేదీ, ఎనిమిదీ పది, ‘తూటా లైల్‌ది’.

అంతవరకే అయితే ఏడ్చి ఊరుకునేదాన్ని. ఆ దుప్పి ఎడమ కొమ్ము కొస రెండుగా చీలి, లోపలి పాయ సగానికి విరిగి ఉంది. ఆ కొమ్మును నేను ఎరుగుదును. జడ్జి గారి గదిలో గోడమీదున్న ఆ తలను ప్రతి శుక్రవారం తడిగుడ్డతో తుడిచేది నేనే.

ఇంటికి తెచ్చి చూసుకుంటే ఫొటో వెనక ఒక చీటీ కూడా పిన్ను కొట్టి ఉంది. దాన్ని మీకు చూపించే ముందు మా వేటగాళ్ళ ధర్మం ఒకటి చెప్పాలి, లేకపోతే మీకు అర్థం కాదు.

మా దగ్గర వేటకు మనిషికొక ట్యాగ్ ఇస్తారు, కొట్టిన దుప్పికి కట్టే అనుమతి బిళ్ళ. ఒక ట్యాగ్‌కు ఒక దుప్పి. గుంపుగా వెళ్ళినప్పుడు ఒకడి ట్యాగ్ మీద ఇంకొకడు కొట్టొచ్చు, తప్పు లేదు, కాకపోతే ట్యాగ్ గలవాడు కేకేస్తే వినపడేంత దూరంలో అడవిలోనే ఉండాలి. అది రాసి ఉన్న చట్టం. జరిగేదేమిటంటే, ఇంట్లో దుప్పటి కప్పుకుని పడుకున్న బాబాయి ట్యాగ్ మీద, చేతకాని మామ ట్యాగ్ మీద కూడా దుప్పులు పడుతూనే ఉంటాయి. అందరికీ తెలుసు, ఎవరూ అనరు. పడిన దుప్పిని సర్కారు లెక్కలో నమోదు చేసేది క్లెమ్ బార్ లోనే, అందుకే అతని దగ్గర రెండు రాతలు ఉండేవి. సర్కారు చీటీలో ట్యాగ్ ఎవరిదో రాసేవాడు. ఫొటో మీద తూటా ఎవరిదో రాసేవాడు. ట్యాగ్ గురించి ఎంత అబద్ధమైనా ఆడొచ్చు, తూటా గురించి ఆడకూడదు. అలా ఆడినవాడితో మా ఊళ్ళో ఎవడూ కలిసి తాగడు.

ఫొటో వెనకున్న సర్కారు చీటీలో ట్యాగ్ గలవాడి పేరు ఎల్డన్ రాడ్కే.

శుక్రవారం సాయంత్రం వేటగాళ్ళ క్లబ్బులో చేపల విందు. ఈస్టరు ముందు ఉపవాసాల నెల కాబట్టి శుక్రవారాలు మాంసం ఉండదు, ఊరు ఊరంతా అక్కడే తింటుంది. మూడువందల మంది, వేయించిన పెర్చ్ చేప, బంగాళాదుంప అట్లు, క్యాబేజీ, రై రొట్టె, బ్రాందీలో చక్కెర కలిపిన గ్లాసులు. వంటగదిలో పెద్ద నూనె మూకుడు దగ్గర నా మొగుడు డ్వెయిన్. పదిహేనేళ్ళుగా చేపలు వేయించేది అతనే. మూడో బల్ల దగ్గర మా అమ్మాయి ట్రూడీ తన ఇద్దరు పిల్లలకు ముళ్ళు తీసి పెడుతోంది.

వేదిక వెనక గోడకు నిలువెత్తు పోస్టరు కట్టారు. టీవీలో రోజుకు పదిసార్లు వచ్చే బొమ్మే అది. నారింజ కోటులో రాడ్కే గారు, ఆయన తలకు పైన గోడమీది దుప్పి. ‘గురి తప్పని మనిషి.’

ఆరింటికి ఆయన్ని జనానికి పరిచయం చెయ్యాల్సింది నేను. ప్రచారం వాళ్ళు నెల ముందే నిర్ణయించారు. హంతకుడి అక్కను చేరదీసి ఉద్యోగం ఇచ్చిన దయగల మనిషి అని నా నోటితో చెప్పించాలి వాళ్ళకు. పాపం, కాగితం మీద రాసి కూడా ఇచ్చారు.

“మార్లీసూ, ఆరున్నరకి మాంసం పొట్లాల లాటరీ, దాన్ని మాత్రం ఆలస్యం చెయ్యకు,” అన్నాడు క్లబ్బు అధ్యక్షుడు ముసలి నార్బర్ట్. “న్యాయం ఒక పది నిమిషాలు ఆగినా జనం ఊరుకుంటారు, పంది మాంసం ఆగితే కుర్చీలు విరగ్గొడతారు.”

“జడ్జి గారెక్కడ?”

“వెనక గదిలో ఉన్నాడు. టై కట్టుకుంటున్నాడు. ఇక్కడికొచ్చి టై ఏంటో. పెళ్ళికొడుకు అనుకుంటున్నట్టున్నాడు.”

వెనక గదిలో గురి నేర్చుకునే మట్టిపలకల పెట్టెలు పేర్చి ఉన్నాయి. ఒక పెట్టె మీద కూర్చుని ఆయన ఉపన్యాసం చదువుకుంటున్నారు. అరవైకి దగ్గరపడ్డా జుట్టు చెక్కుచెదరని మనిషి. నన్ను చూసి నవ్వారు. నేను తలుపు వేసి గడియ పెట్టాను.

“ఏంటి మార్లీస్, భయమేస్తోందా? రెండు నిమిషాలే కదా. కాగితం చూసి చదివెయ్.”

“మీరు ఒకటి చూడాలి జడ్జి గారూ.”

ఫొటో ఇచ్చాను. ఆయన కళ్ళద్దాలు పెట్టుకుని చూశారు. కోర్టులో కాగితం చదివేటప్పుడు ఎలా ఉంటారో అలాగే ఉన్నారు, ఒక్క నరం కదల్లేదు. 

“ఎక్కడిది?”

“క్లెమ్ గోడమీద చేప వెనకాల దాచాడు. అందులో ఉంది మా తమ్ముడే కదండీ?”

“అలాగే ఉన్నాడు.”

“ఆ దుప్పి?”

“దుప్పిలా ఉంది.”

“ఎడమ కొమ్ము చూడండి. చీలి విరిగిన ఆ పాయలో దుమ్ము ఊరికే చేరుతుంది. గుడ్డ దూరదు. అగ్గిపుల్లకి దూది చుట్టి తీస్తాను. ఇరవై మూడేళ్ళుగా తీస్తున్నాను. నాకు నా మనవల చెవులు తెలిసినట్టు తెలుసు ఆ కొమ్ము.”

నేనే అందుకుని ఫొటో తిప్పి చీటీ వైపు చూపించాను. తన పేరు తనే చదువుకున్నారు. రాసి ఉన్నదే చట్టం అన్న మనిషి రాసి ఉన్నదాన్ని చాలాసేపు చూశారు.

“తలుపు గడియ పెట్టావా?” అన్నారు చివరికి.

“పెట్టాను.”

“కూర్చో.”

“నిలబడే వింటాను.”

ఆయన కళ్ళద్దాలు తీసి జేబులో పెట్టుకున్నారు. “నేను ఆ రోజు మిల్వాకీలో ఉన్నాను. అత్తగారింట్లో. పొద్దున ఎనిమిదింటికి అట్లు తింటున్నాను. నాకు రక్తం చూస్తే కళ్ళు తిరుగుతాయి మార్లీస్. పదమూడేళ్ళప్పుడు మా నాన్న దుప్పి పొట్ట కోయిస్తే అక్కడే పడిపోయాను. ఆ తర్వాత నేను తుపాకీ పట్టలేదు.”

“ఎప్పుడూనా?”

“ఎప్పుడూ. ఇక్కడ వేటకి పోనివాడికి ఓటు సంగతి దేవుడెరుగు, పిల్లనే ఇవ్వరు. ఏటేటా ట్యాగ్ కొని మీ డ్వెయిన్‌కి ఇచ్చేవాణ్ణి. తలకాయ నాకు, మాంసం అతనికి. ఇలాంటివి ఈ కౌంటీలో వందమంది చేస్తారు. ఆ ఏడు తెచ్చిచ్చిన తల ఎవరు కొట్టిందో నేను అడగలేదు.”

నవ్వొచ్చింది నాకు. ఏడుపు రావాల్సిన చోట నవ్వు రావడం ఎంత అసహ్యంగా ఉంటుందో అప్పుడే తెలిసింది. టీవీలో నారింజ కోటు వేసుకుని దేశానికి గురి నేర్పే మనిషికి నెత్తురు చూస్తే కళ్ళు తిరుగుతాయట.

“మరి మా వాడి మీద కేసు ఎందుకు నడిపారు?”

“అతనే చేశాడనుకున్నాను. డిసెంబరు దాకా నిజంగా అలాగే అనుకున్నాను.”

“డిసెంబరులో ఏమయింది?”

“డ్వెయిన్ వచ్చాడు. లైల్ ఆ పొద్దున తనతోనే ఉన్నాడని, దుప్పిని వాడే కొట్టాడని చెప్పాడు. ఆ ట్యాగ్ మీదేనండీ, ఇప్పుడేం చెయ్యను అని అడిగాడు.”

బయట జనం గ్లాసులు కొట్టుకుంటున్న చప్పుడు వినపడుతోంది.

“ఆ ఒక్క మాట కోర్టులో చెబితే అయిపోయేది కదండీ. లేని మనిషి ట్యాగ్ వాడినందుకు జరిమానా ఎంత, రెండొందల డాలర్లా? ఒక ఏడాది వేటకి పోవద్దంటారు. మీరు ఎలాగూ పోరు.”

“అంత తేలిక కాదు. అప్పటికే అతనే హంతకుడని పేపర్లకి చెప్పేశాను. తర్వాతి ఏడాదే పెద్ద ప్రాసిక్యూటరు పదవికి నిలబడాలి. వాదించే లాయరు తనే దొంగ ట్యాగ్ వాడని తేలితే... ఒక వారం నిద్రపోలేదు.”

“మా వాడు ఇరవై నాలుగేళ్ళుగా పోవట్లేదు.”

నా గొంతు నాకే కొత్తగా ఉంది. ఆయనకూ అలాగే అనిపించినట్టుంది, మొహంలో మొదటిసారి చిరాకు కనపడింది.

“క్లెమ్ దగ్గరికి వెళ్ళి ఆ ఫొటో తీసెయ్యమన్నాను. మనిషి లేకుండా ట్యాగ్ నమోదు చేసినందుకు అతనికీ భయమే. కాల్చేస్తానన్నాడు. కాల్చలేదన్నమాట.”

తేలు కుట్టిన దొంగలు ముగ్గురు. ఒకడు ట్యాగ్ ఇచ్చాడు, ఒకడు కట్టాడు, ఒకడు రాశాడు. గోరంత తప్పు ఎవడికి వాడు కడుపులో దాచుకున్నారు. మూడూ కలిపి మా వాడి నెత్తిన పెట్టారు. వాడు చేసిన పాపమల్లా దుప్పిని సరిగ్గా గురిచూసి కొట్టడం.

“నేను ఇప్పుడు వెళ్ళి ఇది జనానికి చూపిస్తాను ఎల్డన్,” అన్నాను. ఇరవై మూడేళ్ళలో ఆయన్ని పేరు పెట్టి పిలవడం అదే మొదలు. “కొత్త సాక్ష్యం లేదని పైకోర్టు రెండుసార్లు వాడి అర్జీ కొట్టేసింది. ఇదిగో కొత్త సాక్ష్యం. వాడు బయటికొస్తాడు.”

“తిన్నింటి వాసాలు లెక్కపెడుతున్నావు.”

“నేను చాకిరీ చేసి తిన్నాను.”

“చాకిరీ,” అన్నారాయన మెల్లిగా. “నీకు ఉద్యోగం ఎప్పుడొచ్చింది మార్లీస్?”

“ఏప్రిల్ ఒకటిన.”

“తీర్పు ఎప్పుడు?”

“మార్చి...” అని ఆగిపోయాను.

“మార్చి ఇరవై. పన్నెండు రోజులు. నీకంటే ముందు ఆ ఉద్యోగానికి నలభై మంది దరఖాస్తు పెట్టుకున్నారు. అందులో ఇద్దరు కాలేజీ చదివినవాళ్ళు. నువ్వు కాగితం మిల్లు క్యాంటీన్‌లో వడ్డించేదానివి. అది కూడా మూతపడి ఆర్నెల్లయింది. టైపు కూడా రాదు నీకు. ఎందుకిచ్చామనుకున్నావు, దయతోనా?”

నేను దయ అనే అనుకున్నాను. ఊరంతా దయ అనే అనుకుంది. ఇప్పుడు నా చేతిలో ఉన్న కాగితంలో కూడా దయ అనే రాసి ఉంది.

“డిసెంబరులో ఒకసారి వచ్చిన డ్వెయిన్ జనవరిలో మళ్ళీ వచ్చాడు,” అన్నారు. “ఈసారి లైల్ గురించి కాదు, నీ కూతురి గురించి. దానికి అయిదేళ్ళు. రక్తంలో క్యాన్సరు. మీ ఇద్దరూ పనిచేసే కాగితం మిల్లు మూతపడి వైద్యం ఇన్సూరెన్సు పోయింది. మందులు మొదలుపెట్టకపోతే ఎండాకాలం చూడదన్నారట. కౌంటీ ఉద్యోగమైతే చేరిన రోజు నుంచే కుటుంబం మొత్తానికి వైద్యం. అది అతనికి ఎవరో చెప్పారు. నేను అడగలేదు మార్లీస్. అతనే అడిగాడు.”

ట్రూడీకి ఆ ఏప్రిల్లోనే మందులు మొదలయ్యాయి. జుట్టంతా ఊడిపోయింది, మళ్ళీ వచ్చింది. దేవుడు చల్లగా చూశాడని మొక్కులు చెల్లించాను. ఉద్యోగం ఇచ్చిన మనిషికి ఏటా క్రిస్మస్‌కు నా చేత్తో కేకు చేసి పట్టుకెళ్ళాను. జైలు నుంచి లైల్ రాసిన ఉత్తరాలు పదకొండు, ఒక్కటీ విప్పకుండా వెనక్కి పంపాను. ‘అక్కా’ అని కవరు మీద రాసేవాడు వెధవ, పేరు రాయకుండా. ఆ మాట చూస్తేనే నాకు ఒళ్ళు మండేది. వాడి వల్ల ఊళ్ళో తలెత్తుకోలేకపోతున్నానని మండేది.

“డ్వెయిన్‌ని జైల్లో పెడతారా?” అన్నాను. సిగ్గులేని నోరు, ముందు అదే అడిగింది.

“పెట్టరు. అబద్ధపు సాక్ష్యానికి ఆరేళ్ళ గడువు. ఎప్పుడో దాటిపోయింది. చట్టం అతన్నీ ఏమీ చెయ్యదు, నన్నూ ఏమీ చెయ్యదు. ఓడిపోతానేమో. ఓడిపోతే ఇంటికెళ్ళి చేపలు పడతాను. దానికి రక్తం పెద్దగా రాదు.” ఆయన లేచి టై సర్దుకున్నారు. “కానీ మూడో బల్ల దగ్గర నీ కూతురు కూర్చుంది. ఈ ఫొటో బయటికొస్తే డ్వెయిన్ ఎందుకు అబద్ధం చెప్పాడని అడుగుతారు. ఎందుకో తెలుస్తుంది. తను బతికింది మేనమామ జైల్లో మగ్గితేనే అని ఆ పిల్లకి తెలుస్తుంది. ఇక ఆ పిల్ల అన్నం ఎలా తింటుందో చూసుకో. ఆ లెక్క నీది, నాది కాదు.”

ఫొటోను తిరిగి నా చేతిలో పెట్టారు. చింపలేదు. అలాంటి ఫొటో లోకంలో ఇంకొకటి లేదని ఆయనకు తెలుసు. అయినా చింపలేదు. చింపాల్సిన పని నేనే చేస్తానని అంత నమ్మకం ఆయనకు. ఇరవై మూడేళ్ళుగా ఆయన పనులన్నీ నేనే కదా చేస్తున్నది.

“ఆరయింది,” అన్నారు. “పద. ఆ కాగితం చదివెయ్. ఎన్నికయ్యాక గవర్నరు గారితో మాట్లాడి లైల్‌కి క్షమాభిక్ష ఏదో చూద్దాం. మాటిస్తున్నాను.”

“మాటిస్తున్నారా?”

“ఇస్తున్నాను.”

“రాసిస్తారా?” అన్నాను.

ఆయన గడియ తీసుకుని బయటికి నడిచారు.

కడుపు చించుకుంటే కాళ్ళమీద పడుతుందంటారు. మైకు దాకా ఇరవై అడుగులు కూడా ఉండవు. ఆ కాస్త దూరంలోనే నేను రెండుసార్లు ఫొటోను సంచిలో పెట్టి రెండుసార్లు తీశాను. మూడో బల్ల దగ్గర ట్రూడీ నన్ను చూసి చెయ్యి ఊపింది. దాని చిన్న కూతురికి అయిదేళ్ళు. చేప అంటిన వేళ్ళతో అదీ ఊపింది. చూశారా, ఆయన అన్నది నిజమే. అడిగితే నేను కూడా డ్వెయిన్ చేసిందే చేసేదాన్నేమో. చెయ్యనని ఒట్టేసి చెప్పలేను. అయితే నన్ను ఎవరూ అడగలేదు. నా తమ్ముణ్ణి ఇచ్చి నా కూతుర్ని కొన్నారు, ఆ బేరానికి నన్ను పిలవలేదు.

లైల్‌కు యాభై ఏళ్ళు. ఇంకా ఎండాకాలాలు ఉన్నాయి వాడికి, ఎవరైనా తలుపు తీస్తే.

మైకు ముందు నిలబడ్డాను. నార్బర్ట్ గ్లాసు మీద చెంచాతో కొట్టి జనాన్ని కూర్చోబెట్టాడు. రాడ్కే గారు నాకు నాలుగడుగుల వెనక, పోస్టరు కింద, చేతులు కట్టుకుని నవ్వుతూ నిలబడ్డారు. ప్రచారం వాళ్ళిచ్చిన కాగితాన్ని మడిచి రొట్టెల బుట్టలో పడేశాను.

“నేను మార్లీస్‌ని. నేనెవరి అక్కనో మీకందరికీ తెలుసు,” అన్నాను. “జడ్జి గారి గురించి చెప్పమన్నారు. అంతకంటే ముందు, ఇది వేటగాళ్ళ క్లబ్బు కాబట్టి, ఒక వేట సంగతి అడగాలి. డ్వెయిన్‌ని ఎవరైనా వంటగదిలోంచి పిలవండి.”

ఏదో సరదా అనుకుని జనం బల్లలు చరిచారు. “మూకుడు దగ్గర్నుంచి కదిలితే చేపలు మాడతాయి, పెళ్ళాం పిలిచినా సరే,” అని ఎవరో అరిచారు. డ్వెయిన్ వచ్చాడు. తెల్ల ఏప్రన్, చేతిలో పెర్చ్ ముక్కలున్న ట్రే, నూనె ఆవిరికి ఎర్రబడ్డ మొహం. నన్ను చూసి నవ్వబోయి, నా చేతిలో ఉన్నది చూశాడు.

పొలరాయిడ్‌ను ముందు నార్బర్ట్‌కు ఇచ్చాను. అతను చేయి చాచి దూరంగా పెట్టుకుని చూశాడు. తర్వాత తల ఎత్తి వేదిక వెనకున్న పోస్టరు చూశాడు. మళ్ళీ ఫొటో చూశాడు. అరవై ఏళ్ళుగా వేటాడేవాడికి కొమ్ములు పోల్చుకోవడం నేర్పాలా? ఫొటో పక్కవాడికి అందించాడు. అది బల్ల వెంట నడుస్తుంటే, చూసినవాడల్లా పోస్టరు వైపు తల తిప్పుతున్నాడు. హాలు అటు నుంచి ఇటు మెల్లిగా నోరు మూసుకుంది.

“డ్వెయిన్,” అన్నాను. “ఆ దుప్పిని కొట్టింది ఎవరు?”

అతను రాడ్కే గారి వైపు చూశాడు. ఆయన తల అడ్డంగా ఊపారు, వద్దన్నట్టు. డ్వెయిన్ ట్రేను దగ్గర్లో ఉన్న బల్లమీద పెట్టి, చేతులు ఏప్రన్‌కు తుడుచుకున్నాడు. తుడుచుకుంటూనే ఉన్నాడు. ట్యాగ్ గురించి అడిగి ఉంటే ఏం చెప్పేవాడో తెలియదు. నేను తూటా గురించి అడిగాను. వేటగాళ్ళ క్లబ్బులో, మూడువందల మంది ముందు.

“లైల్,” అన్నాడు.

“ఎప్పుడు?”

“ఆ రోజే. తెల్లారాక. నా పక్కనే ఉన్నాడు.” నార్బర్ట్ వైపు తిరిగాడు. “ఒకే తూటాకి పడింది.”

రాడ్కే గారు ముందుకొచ్చి మైకు కోసం చెయ్యి చాచారు. నార్బర్ట్ లేచి ఇద్దరి మధ్యా కుర్చీ లాక్కుని కూర్చున్నాడు. “ఆగండి జడ్జి గారూ,” అన్నాడు. “ఆయమ్మ అడగడం అయిపోలేదు.”

నాది అయిపోయింది. నేను ఇంకేమీ అడగదలుచుకోలేదు, అడిగే ధైర్యమూ లేదు.

మూడో బల్ల దగ్గర కుర్చీ జరిగిన చప్పుడైంది. ట్రూడీ లేచి నిలబడింది. ఒళ్ళో ఉన్న పిల్లను దించి, రుమాలుతో వేళ్ళు తుడుచుకుంది. దాని మొహంలో కోపం లేదు. అర్థం కాలేదు, అంతే.

“మరి ఆ రోజు కోర్టులో ఎందుకు చెప్పలేదు నాన్నా?”

డ్వెయిన్ దాని వైపు చూడలేదు. చెప్పెయ్యనా అన్నట్టు నా వైపు చూశాడు.